వాన పడవచ్చు, లోపలికి రావచ్చు

2023 నవంబర్. డాలస్ శివార్లలో, మా కాపెల్ ఇంటికి ఇరవై నిమిషాల డ్రైవ్‌లో ఉన్న ఒక చిన్న గేమ్ స్టూడియో. గురువారం మధ్యాహ్నం రెండున్నర ప్రాంతంలో, ప్లేటెస్ట్ గదిలో, డెబ్బై ఏళ్ల వాల్ట్ చేతిలోని కంట్రోలర్‌ని ఒళ్లో పెట్టుకుని, తెర వైపు కాకుండా గోడ వైపు చూసి, "ఇప్పుడు నేను ఎవర్ని అడగాలి?" అన్నారు.

ప్లేటెస్ట్ అంటే సగం తయారైన ఆటను మనుషుల చేత ఆడించి, వెనక కూర్చుని చూడటం. చూసేవాళ్లు నోరు మెదపకూడదు. సాయం చేస్తే తప్పులు దాక్కుంటాయి. అందుకని ఎవరమూ జవాబు చెప్పలేదు. తెర మీద ఆయన నడిపిస్తున్న బాటసారి నడుంలోతు నీళ్లలో నిలబడి ఉన్నాడు. వాడి వెనక ఒక మేక ఆగకుండా వణుకుతోంది.

నాకు భయం వేసింది. కోడ్‌లో తప్పుంటే నాకు భయం వేయదు, వెతికి దిద్దుకుంటాను. ఇక్కడ తప్పేమీ లేదు. నేను ఏం రాశానో కంప్యూటర్ అదే చేస్తోంది. అయినా ఆ ఆటను పుట్టించిన మనిషికే ఏం చేయాలో తెలియక గోడను అడుగుతున్నారు.

నా ఉద్యోగం పేరు గేమ్‌ప్లే ఇంజినీర్. బొమ్మలు గీసేవాళ్లు వేరు, కథ రాసేవాళ్లు వేరు. ఆటలో ఏది చేస్తే ఏమవుతుందో ఆ నియమాలను కోడ్‌గా రాయడం నా పని. ఈ మాట చెబితే మనవాళ్ల పార్టీల్లో "ఓ, పిల్లల గేమ్సా?" అని బిర్యానీ వైపు వెళ్లిపోతారు. కాబట్టి ఇక్కడ కాస్త వివరంగా చెబుతాను.

అమెరికాలో టేబుల్‌టాప్ ఆటలని ఉంటాయి. నలుగురైదుగురు బల్ల చుట్టూ కూర్చుంటారు. తలా ఒక పాత్ర తీసుకుంటారు. ఒకరు మాత్రం పాత్ర తీసుకోకుండా కథ నడుపుతారు. వాల్ట్ పుస్తకంలో ఆ మనిషి పేరు హోస్ట్. "ఎదురుగా నది ఉంది, ఏం చేస్తారు?" అని హోస్ట్ అడిగితే, తక్కినవాళ్లు ఏం చేస్తారో నోటితో చెబుతారు. కుదిరిందో లేదో పాచికలు వేసి తేలుస్తారు. వరదలో మునిగిన లోయను దాటే బాటసారుల కథతో అలాంటి ఆటను వాల్ట్ ముప్ఫై ఏళ్ల క్రితం స్నేహితులతో ఆడుతూ ఆడుతూ తయారు చేశారు. మూడు వందల పైచిలుకు పేజీల నియమాల పుస్తకం అది. దాన్ని వీడియో గేమ్‌గా మార్చడం మా స్టూడియో చేపట్టిన పని. వారానికోసారి ఆయన సలహాదారుగా వచ్చేవారు. ఆయన మాట్లాడేది ఇంగ్లిషే, ఇక్కడ నేను తెలుగులో రాస్తున్నాను.

పని అప్పటికే ఏడాది ఆలస్యం. డిసెంబర్ మధ్యలో మైల్‌స్టోన్ ఉంది. అంటే మా వెనక ఉన్న పబ్లిషర్ కంపెనీ మనుషులు వచ్చి, తయారైనంత మేర ఆడి చూసి, కొనసాగించాలో ఆపేయాలో తేల్చే రోజు. ఆపేస్తే స్టూడియో ఉండదు. స్టూడియో లేకపోతే నా హెచ్‌వన్‌బీ వీసా ఉండదు. ఉద్యోగం పోయిన నాటి నుంచి అరవై రోజుల్లో ఇంకో కంపెనీ మన పేరున పిటిషన్ వేయాలి, లేకపోతే సామాను సర్దుకోవాలి. మా ఆయన సతీష్‌ని అంతకు ముందు ఏడాదే లే ఆఫ్ చేశారు. తను నా మీద డిపెండెంట్‌గా హెచ్‌ఫోర్ వీసాకి మారి, వర్క్ పర్మిట్ కోసం ఎదురు చూస్తున్నాడు. తొమ్మిదేళ్ల తన్వి, నాలుగేళ్ల ఇరా, సతీష్, నేను, నలుగురం ఒకే ఒక్క కాగితం మీద నిలబడి ఉన్నాం. ఆ కాగితం కింద వణికే మేక ఉంది.

ఆ మేక ఎందుకు వణికిందో చెప్పాలి.

వాల్ట్ పుస్తకంలో మాటిమాటికీ "మే" అనే ఇంగ్లిష్ పదం, అంటే మన "వచ్చు", వస్తుంది. తాడు లేని బాటసారి తీగలతో తాడు పేనుకోవడానికి హోస్ట్ అనుమతించవచ్చు. మచ్చికైన జంతువు వెంట రావచ్చు. అలసిన తోటివాణ్ని వీపున మోయవచ్చు. కంప్యూటర్‌కి "వచ్చు" అర్థం కాదు. దానికి అవును కావాలి, లేదంటే కాదు కావాలి, లేదంటే ఒక అంకె కావాలి. నేను పుస్తకమంతా జల్లెడ పట్టి, ఒక్కొక్క "మే"నీ ఒక స్ప్రెడ్‌షీట్‌లో వరుసగా రాశాను. నాలుగు వందల పదకొండు వరుసలు వచ్చాయి. ఒక్కొక్కదానికీ ఎదురుగా ఒక అంకె వేశాను. తాడు పేనడం, నూటికి అరవై. జంతువు వెంట రావడం, నూటికి డెబ్బై. ఆట ప్రతిసారీ లోపల పాచిక వేసి చూసుకుంటుంది. పనంతా నడిపించే మా ప్రొడ్యూసర్ డానా ఆ షీట్ చూసి, "ఇంత శ్రద్ధగా ఈ ఆఫీసులో ఎవరూ పనిచేయలేదు" అంది. ఆ షీట్‌కి ఫోటో తీసి సతీష్‌కి పంపుకున్నాను.

జంతువు వెంట రావడానికి నూటికి డెబ్బై అని రాశాను కదా. కంప్యూటర్ మేక వేసే ప్రతి అడుగుకీ పాచిక వేసింది. వెళ్లు, వెళ్లు, ఆగు, వెళ్లు, ఆగు. అదీ ఆ వణుకు.

మా క్యూఏ టెస్టర్ ప్రవీణ్ కరీంనగర్ వాడు, నాకంటే ఆరేళ్లు చిన్న. ఆటలో తప్పులు వెతికి పట్టడం అతని పని. ఆ సాయంత్రం నా డెస్క్ దగ్గరకి వచ్చాడు.

"అక్కా, నీ మేకకు చలిజ్వరం అచ్చినట్టున్నది. నదిల నిలవడి గజగజ వణుకుతాంది."

"నియమం ప్రకారమే వణుకుతోంది ప్రవీణ్."

"గదే కదా అక్కా పరేషాన్. నియమం మంచిగనే ఉన్నది. మేకనే ఆగమైంది."

నవ్వాను. అంతకు ముందే వాల్ట్ వెళ్తూ వెళ్తూ నా దగ్గర ఆగారు.

"నది దగ్గర తీగలు కనిపించాయి. తాడు పేనుకుందామని నొక్కాను. ‘కుదరలేదు’ అంది. మళ్లీ నొక్కాను. మళ్లీ ‘కుదరలేదు’. ఎందుకు కుదరలేదు?"

"పాచిక పడలేదండీ. నూటికి అరవై అవకాశం."

"అరవై అని ఎవరు చెప్పారు?"

"నేనే పెట్టాను."

ఆయనకి కోపం రాలేదు. వచ్చి ఉంటే బాగుండేది. కాసేపు నన్ను జాలిగా చూసి, "వచ్చే శనివారం మధ్యాహ్నం మా గ్యారేజీకి రా. అక్కడ ఆడతాం. పిల్లలుంటే తీసుకురా, కుకీలుంటాయి" అన్నారు.

ఆ శనివారం వచ్చేదాకా నేను అంకెలతో కుస్తీ పట్టాను. అరవైని తొంభై చేశాను. ఇక ఎవరూ మునగలేదు, ఆడేవాళ్లు ఆవులించారు. రెండుసార్లు కుదరకపోతే మూడోసారి తప్పక కుదరాలని రాశాను. పది నిమిషాల్లో ప్రవీణ్ కేకేశాడు. "అక్కా, కావాల్నని రెండుసార్లు ఓడిపోతే అన్ని తలుపులు అవే తెరుసుకుంటున్నయ్. దొంగకు తాళంచెయ్యి ఇచ్చినట్టున్నది." తోటివాణ్ని మోయడానికి ఎనభై పెట్టాను. నది మధ్యలో పాచిక తిరగబడి, మోస్తున్నవాడు స్నేహితుణ్ని నీళ్లలో వదిలేసి తనదారిన నడిచిపోయాడు. ఒక నియమం దిద్దితే ఇంకో రెండు విరిగేవి. పుస్తకం బల్ల మీద ముప్ఫై ఏళ్లు నడిచింది. నా చేతిలో మూడు నిమిషాలు నడవడం లేదు.

ఇంట్లో నా కంగారు చిన్న చిన్న చోట్ల బయటపడేది. తన్వి కూచిపూడి క్లాసుకి స్ప్రింగ్ రిజిస్ట్రేషన్ ఫామ్ ఫ్రిజ్ మీద అయస్కాంతం కింద ఉంది.

"బిందూ, ఫామ్ ఇంకా నింపలేదేంటి? లాస్ట్ డేట్ దగ్గరికొచ్చింది" అన్నాడు సతీష్.

"ఆగుదాం."

"ఎందుకాగడం?"

"స్ప్రింగ్‌కి ఎక్కడుంటామో ఏమో."

"నువ్విలా ప్రతిదానికీ ‘ఏమో’ అంటే, తన్వికి ఒక్క స్టెప్పు కూడా రాదు" అన్నాడు. తిట్టినట్టు కాదు, అలిసిపోయినట్టు. ఫామ్ మాత్రం అక్కడే ఉంది.

శనివారానికి సతీష్‌కి ఫ్లూ వచ్చింది. పిల్లలిద్దర్నీ వెంటబెట్టుకుని వాల్ట్ ఇంటికి వెళ్లాను. గ్యారేజీలో కారు లేదు. పెద్ద బల్ల, మడత కుర్చీలు, ఆయన వయసు స్నేహితులు ముగ్గురు, ఒక గిన్నెలో పాచికలు. తన్వికి ఒక పాత్ర ఇచ్చారు. తనకీ కావాలని ఇరా కుర్చీ ఎక్కి నిలబడింది. దానికీ ఒకటి ఇచ్చారు.

కథ నది దగ్గరికి వచ్చింది. మా ఆటలో ఉన్న నదే. ఇరా పాచికని రెండు చేతుల్లో గలగలలాడించి వేసింది. ఒకటి పడింది. అంతకంటే తక్కువ లేదు.

"ఇరా డ్రౌన్డ్!" అని అరిచింది తన్వి. "ఇరా ఈజ్ అవుట్!"

ఇరా కింది పెదవి బయటికి వచ్చింది. వాల్ట్ ఆ పెదవిని చూశారు. నేను ఆయన్నే చూస్తున్నాను కాబట్టి నాకు తెలుసు, ఆయన పాచికని చూడలేదు. బల్ల మీదకి వంగి, "నీ దగ్గర ఏముంది?" అని అడిగారు.

ఇరా తల తడుముకుని, సీతాకోకచిలుక క్లిప్పుల జతలోంచి ఒకటి తీసింది. "బటర్‌ఫ్లై."

"నదికి ఇస్తావా? ఇస్తే మళ్లీ రాదు."

ఇరా చాలాసేపు ఆలోచించింది. ముగ్గురు పెద్దమనుషులు కుకీలు నమలడం ఆపి కూర్చున్నారు. ఇరా క్లిప్పుని బల్ల మధ్యలో పెట్టింది.

"అయితే నువ్వు ఒడ్డుకి రావచ్చు" అన్నారు వాల్ట్. "యూ మే."

తన్వి ఊరుకోలేదు. "అమ్మా, దట్స్ తొండి! వన్ వస్తే అవుట్ అని బుక్‌లో ఉంది! ఐ రెడ్ ఇట్!"

"చిన్నపిల్ల కదే. ఆటలో అరటిపండు" అన్నాను.

"నేను బనానా కాదు!" అని ఇరా ఏడుపు మొదలెట్టింది. "అయామ్ ఎ బిగ్ గర్ల్!"

బనానా ఏమిటని వాల్ట్ అడిగారు. నేను చెప్పాను. మా ఊళ్లో పిల్లలు ఆడుకునేటప్పుడు బాగా చిన్నవాళ్లు వచ్చి మేమూ ఆడతామంటే చేర్చుకుంటాం. వాళ్లు అందరితో పాటూ పరిగెడతారు, దాక్కుంటారు, కానీ దొరికినా అవుట్ కారు. ఆ సంగతి వాళ్లకి చెప్పం. వాళ్లని ఆటలో అరటిపండు అంటాం.

వాల్ట్ కుర్చీ వెనక్కి వాలేదాకా నవ్వారు. "ఈ బల్ల దగ్గర అందరూ అరటిపళ్లే. పెద్దవాళ్లకి తెలియనివ్వను, అంతే."

"ఏంటీ?" అన్నాడు పక్కనున్న బట్టతల ఆయన. "ముప్ఫై ఏళ్లుగా నా తెలివితో బతికి బయటపడుతున్నాననుకుంటున్నానే!"

అందరూ నవ్వుతుంటే నేను నోట్‌బుక్ తీశాను. ఆ క్షణంలో కూడా నాకు కావలసింది అంకే. "వాల్ట్, ఇలా పదిసార్లు అడిగితే ఎన్నిసార్లు అనుమతిస్తారు?"

ఆయనకి నా ప్రశ్న అర్థం కాలేదు. రెండోసారి అడిగాక అర్థమై, నవ్వడం మానేశారు. "ఎన్నిసార్లు అంటే? పుస్తకంలో ‘మే’ అని రాశాను బిందూ. అది అనుమతి. నేనేమైనా వాతావరణ సూచన రాశాననుకున్నావా?"

ఖమ్మంలో ఏడో తరగతిలో మా ఇంగ్లిష్ టీచర్ నల్లబల్ల మీద రెండు వాక్యాలు రాసేవారు. ఇట్ మే రెయిన్. యూ మే కమ్ ఇన్. వాన పడవచ్చు. లోపలికి రావచ్చు. చూడటానికి ఒకటే "వచ్చు". ఒకటి ఎవరి చేతిలోనూ లేనిది. ఇంకోటి ఎదుటి మనిషి చేతిలో ఉన్నది. ఆ పరీక్షలో నాకు పూర్తి మార్కులు వచ్చాయి. పాతికేళ్ల తర్వాత నాలుగు వందల పదకొండు చోట్ల ఆ మాట చూసి, అన్నిచోట్లా వానే అనుకున్నాను.

ఎందుకలా అనుకున్నానో కూడా అప్పుడే తెలిసింది. ఇంగ్లిష్ రాక కాదు. ఈ దేశానికి వచ్చిన దగ్గర్నుంచి నేను విన్న "వచ్చు"లన్నీ వానలే. వీసా లాటరీలో పేరు రావచ్చు. స్టాంపింగ్ ఆలస్యం కావచ్చు. ఎక్స్‌టెన్షన్ దొరకవచ్చు, దొరక్కపోవచ్చు. పన్నెండేళ్లుగా ప్రతి "వచ్చు"కీ లోపల్లోపల ఒక అంకె వేసుకుంటూ బతికిన మనిషిని. వాల్ట్ తలుపు తీసి పట్టుకుని నిలబడితే, నేను ఆకాశం వైపు చూసి నూటికి అరవై అన్నాను.

తిరిగి వచ్చేటప్పుడు కార్‌లో తన్వి ఇంకా గొణుగుతూనే ఉంది. దానికి ఈ రెండు వాక్యాలూ చెప్పాను.

"మా టీచర్ ‘కెన్ ఐ గో టు ది రెస్ట్‌రూమ్’ అంటే ఒప్పుకోదు. ‘మే ఐ’ అనాలి" అంది తన్వి.

"అది తలుపు వచ్చు."

"అండ్ మేబీ?"

"అది వాన వచ్చు."

"రెయిన్ వచ్చు, డోర్ వచ్చు" అని రెండుసార్లు అనుకుని, "స్టిల్ తొండి" అని కిటికీ వైపు తిరిగింది. ఇరా ఒక్క క్లిప్పుతో నిద్రపోయింది.

సోమవారం షీట్ మళ్లీ తెరిచి, ఒక్కొక్క వరుసకీ ఇది వానా, తలుపా అని రాసుకుంటూ వెళ్లాను. గాలి, వరద, రాయి జారడం లాంటి వానలు ముప్ఫై ఎనిమిది తేలాయి. మిగతా మూడు వందల డెబ్బై మూడూ తలుపులే. అంకెలు తీసేసి, వాటి బదులు ఒక బటన్ పెట్టడం మొదలెట్టాను. దాని మీద "అడుగు" అని ఉంటుంది. ఆటగాడు దారి తోచనప్పుడు నొక్కితే, ఆట అతని సంచి చూసి, అందులోంచి ఒక వస్తువు అడుగుతుంది. ఇస్తే దారి దొరుకుతుంది. ఇచ్చింది మళ్లీ రాదు. పాచిక లేదు. కంప్యూటర్‌కి ఇరా పెదవి కనిపించదని నాకు తెలుసు. కనీసం అడిగే వీలుంటే, గోడను అడిగే గతి ఉండదనుకున్నాను.

మేక విషయం తేలికగా తేలింది. పిలిస్తే వస్తుంది. అంతే.

"జ్వరం తగ్గింది అక్కా" అన్నాడు ప్రవీణ్. "గిప్పుడు నా ఎనకెనకనే తిరుగుతాంది. అంగడికి తోలుకపోతున్నట్టు అనిపిస్తాంది నాకు."

తేలిక కానిది మిగతా అంతా. ఒక్కొక్క తలుపుకీ ఏం అడగాలి, ఇస్తే కథ ఎటు తిరగాలి, ఇవ్వకపోతే ఏం మిగలాలి, అన్నీ మనిషి కూర్చుని రాయాల్సినవే. అంకె వేయడానికి అర నిమిషం పట్టేది. ఇది ఒక్కోటి సగం రోజు తింది. చేతిలో ఉన్నది మూడు వారాలు. నది దృశ్యం వరకు పూర్తి చేశాం. నది తర్వాత వంతెన, ఊరు, కోట, అన్నిచోట్లా పాత అంకెలే ఉన్నాయి. "వాళ్లు నది దాకా ఆడితే చాలు" అంది డానా. నేను తలూపాను. ఆ మూడు వారాలూ నాకు కాఫీ వాసన పడలేదు, దోసెలు మాడాయి, ఇరా స్కూల్‌కి రెండు వేర్వేరు బూట్లతో వెళ్లింది.

మైల్‌స్టోన్ రోజు పబ్లిషర్ తరఫున వచ్చి ఆడినావిడ బూడిదరంగు జాకెట్ వేసుకుంది. ముఖంలో ఏమీ కనిపించదు. నేను వెనక వరుసలో రెండు చేతులూ తొడల కింద పెట్టుకుని కూర్చున్నాను. నది వచ్చింది. ఆవిడ తాడు కోసం వెతికింది. లేదు. కంట్రోలర్‌ని ఒళ్లోకి దించింది, అచ్చం వాల్ట్ లాగే. తర్వాత ఆవిడకి బటన్ కనిపించింది. నొక్కింది. సంచిలో ఉన్నవాటిల్లోంచి ఆట అడిగింది అమ్మ ఇచ్చిన కంచు గంటని. మొదటి దృశ్యంలో బాటసారికి వాళ్లమ్మ కట్టిచ్చిన గంట అది.

"ఇది ఇచ్చేస్తే మళ్లీ దొరకదా?" అని వెనక్కి తిరిగి అడిగింది.

చూసేవాళ్లు సాయం చేయకూడదన్నది నియమం. ఆవిడ మళ్లీ తెర వైపు తిరిగి గంట ఇచ్చేసింది. నదిలో అది మునిగే శబ్దం మా సౌండ్ టీమ్ చాలా బాగా చేశారు. ఆవిడ ఒడ్డుకి చేరాక కూడా ఒక నిమిషం కదల్లేదు. పక్క కుర్చీలోంచి వాల్ట్ నా భుజం మీద తట్టారు.

అక్కడ ఆపి ఉంటే బాగుండేది. ఆవిడ ఆపలేదు. బాగుంది కాబట్టి ముందుకి వెళ్లింది. వంతెన దగ్గర కాపలావాడు, "కుదరలేదు." మళ్లీ, "కుదరలేదు." "అడుగు" బటన్ కోసం వెతికింది. అది అక్కడ లేదు. మూడోసారి "కుదరలేదు" అన్నాక కంట్రోలర్ బల్ల మీద పెట్టి, నోట్‌బుక్‌లో ఏదో చిన్నగా రాసుకుంది.

శుక్రవారం సాయంత్రం డానా ఫోన్ చేసింది. "నది వాళ్లకి చాలా నచ్చింది బిందూ. నది తర్వాత ఆట లేదన్నారు." తర్వాత మిగతాది చెప్పింది. ఆట ఆగిపోయింది. నెలాఖరుకి స్టూడియో మూత.

ఫోన్ పెట్టేశాక సతీష్ నా ముఖం చూసి సంగతి గ్రహించాడు. "పిల్లలకి ఇప్పుడే చెప్పొద్దు. ఏదో ఒకటి తేలనీ" అన్నాడు. నేనూ అదే అనుకున్నాను.

ఆ తర్వాత ఏమైందో చెప్పేస్తాను, మీరు కంగారు పడకుండా. అరవై రోజుల్లో నలభై ఏడో రోజున మిషిగన్‌లో, నోవైలో, కార్ల సాఫ్ట్‌వేర్ చేసే కంపెనీ నా పేరున పిటిషన్ వేసింది. పిల్లలు పడుకున్నాక, బయట మంచు పడుతుంటే, అక్కడే కూర్చుని ఇది రాస్తున్నాను. మునిగిన లోయ ఆట మాత్రం ఇప్పటికీ పూర్తవలేదు. వాల్ట్ అప్పుడప్పుడు ఈమెయిల్ చేసి మేక క్షేమం అడుగుతారు.

కొత్త ఉద్యోగంలో కూడా నా ముందుకి రోజూ వచ్చేవి నియమాల కాగితాలే. రిక్వైర్‌మెంట్స్ అంటారు. కారు ఏం చేసి తీరాలో, ఏం చేయవచ్చో వాటిల్లో వరుసగా ఉంటాయి. "మే" కనిపించిన ప్రతిచోటా మీటింగ్‌లో చెయ్యెత్తి, "ఇది ఎవరి చేతిలో ఉంది?" అని అడుగుతాను. కారు చేతిలోనా, నడిపేవాళ్ల చేతిలోనా, ఎవరి చేతిలోనూ లేదా? మొదట్లో విసుక్కునేవారు. ఇప్పుడు నాకంటే ముందే ఎవరో ఒకరు అడుగుతారు. ఆ ఆట నాకు నేర్పింది ఇదే. తెలియనిదానికి అంకె వేసేస్తే ధైర్యంగా ఉంటుంది. కానీ ముందు అది వానో, తలుపో చూసుకోవాలి. తలుపు దగ్గర నిలబడ్డ మనిషికి నూటికి అరవై అని చెప్పకూడదు. వాన గురించి అడిగినవాళ్లకి తెలుసని అబద్ధం చెప్పకూడదు.

ఆ రెండో తప్పు, డానా ఫోన్ చేసిన మర్నాడు పొద్దున్నే నేను చెయ్యబోయాను. శనివారం. సతీష్ దోసెలు పోస్తున్నాడు. తన్వి ఫ్రిజ్ మీంచి కూచిపూడి ఫామ్ తీసుకొచ్చి నా ప్లేటు పక్కన పెట్టింది.

"అమ్మా, టుడే ఈజ్ లాస్ట్ డే. సైన్ చేస్తావా?"

తర్వాత చేస్తాలే అనబోయాను. అది నన్నే చూస్తోంది. నది దగ్గర ఇరాని వాల్ట్ చూసినట్టు నేనూ దాని ముఖం చూశాను.

"తన్వీ, అమ్మ చేస్తున్న గేమ్ ఆగిపోయింది. ఆఫీసు మూసేస్తున్నారు. మనం ఈ ఇంటి నుంచి వెళ్లిపోవచ్చు."

పొయ్యి దగ్గర గరిటె ఆగింది. తన్వి నా పక్క కుర్చీలో కూర్చుంది.

"ఏ వచ్చు, అమ్మా?" అంది. "రెయిన్ వచ్చా, డోర్ వచ్చా?"

సతీష్ ఇటు తిరిగి నా వైపు చూశాడు.

"రెయిన్ వచ్చు" అన్నాను. "అమ్మ చేతిలో లేదు. నాన్న చేతిలోనూ లేదు."

"వెన్ విల్ వీ నో?"

"తెలీదు. తెలిసిన రోజే నీకు చెప్తాను. అప్పటిదాకా రోజూ నన్ను అడగవచ్చు. ఎన్నిసార్లయినా. అది డోర్ వచ్చు."

తన్వి తలూపి ఫామ్ మడత పెట్టబోయింది. నేను దాని చేతిలోంచి తీసుకుని సంతకం పెట్టాను.

అంతవరకూ దోసె చుట్టూ చక్కెర పోసుకుంటున్న ఇరా కుర్చీ దిగి వచ్చింది. జుట్టులోంచి మిగిలిన సీతాకోకచిలుక తీసి, నా ప్లేటు అంచున పెట్టింది.

"అమ్మా, ఇది ఇస్తే ఇక్కడే ఉండొచ్చా?"

క్లిప్పు తీసి దాని జుట్టుకే పెట్టాను.

"ఇది నీ దగ్గరే ఉంచుకో నాన్నా" అన్నాను. "ఈ నది క్లిప్పులు తీసుకోదు. ఉన్నా నలుగురం ఉంటాం, వెళ్లినా నలుగురం వెళ్తాం. దాంట్లో ఏ వచ్చూ లేదు."